సెలవులకు మూడు చోట్ల గదులు పట్టి, తర్వాత రెండు క్యాన్సిల్ చేయడం తప్పా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటారు. దసరా సెలవులకు మూడు కుటుంబాలు, పిల్లాజెల్లాతో పదకొండు మంది. మడికేరి దగ్గర ఒక హోమ్‌స్టేలో మూడు గదులు, చిక్కమగళూరులో ఇంకో హోమ్‌స్టేలో మూడు, ఊటీలో ఒక పెద్ద హోటల్లో మూడు, అన్నీ ‘ఫ్రీ క్యాన్సిలేషన్’ ఉన్నవే, రెండు నెలల ముందే పెట్టేశారు. వానలు ఎలా ఉంటాయో చూసుకుని ఆఖరి వారంలో ఒకటి ఉంచుకుని మిగతా రెండూ తీసేద్దామని మీ ఆలోచన. మీ ఆవిడ ‘ఇది తప్పు కదా’ అన్నారు. మీరేమో ‘వాళ్లిచ్చిన వెసులుబాటే కదా, అందులో తప్పేముంది’ అన్నారు. ఎవరిది రైటు?

సూటిగా చెప్తాను. రూలు మీ వైపు ఉంది. న్యాయం మాత్రం ముప్పాతిక వంతు మీ ఆవిడ వైపు ఉంది. రెండు చోట్ల పట్టుకుని, కొద్ది రోజుల్లో తేల్చుకుని ఒకటి వదిలేస్తే నేను తప్పు పట్టను. పండగ రోజుల్లో, నాలుగైదు గదులే ఉన్న చిన్న చోట, మూడేసి గదులు ఆఖరి గడువు దాకా బిగపట్టుకుని కూర్చోవడం మాత్రం తప్పే. ఇంకా విడదీసి చెప్పాలంటే, క్యాన్సిల్ బటన్ నొక్కిన రోజు మీరు ఏ తప్పూ చేయడం లేదు. ఊటీకి వెళ్లట్లేదని మీ వాట్సాప్ గ్రూపులో తేలిపోయిన రోజుకీ, ఆ సంగతి ఊటీ వాళ్లకి తెలిసిన రోజుకీ మధ్య కొన్ని రోజులు గడుస్తాయి చూడండి, తప్పంతా ఆ రోజుల్లోనే ఉంది.

ఇంత గట్టిగా ఎలా చెప్తున్నానంటే, నేను బల్లకి రెండు వైపులా కూర్చున్న మనిషిని. మా ఊరు హిందూపురం. బెంగళూరులో ఒక హోటల్లో రిజర్వేషన్స్‌లో పదమూడేళ్లు పనిచేశాను. 2016లో ఆ ఉద్యోగం మానేసి, మడికేరికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో కాఫీ తోటలో ఒక పాత ఇల్లు లీజుకి తీసుకుని, మా ఆయనా నేనూ నాలుగు గదుల హోమ్‌స్టే నడుపుతున్నాం. పిల్లల చదువుల కోసం ఇల్లు ఇప్పటికీ బెంగళూరు విజయనగర్‌లోనే. వారంలో సగం అక్కడ, సగం ఇక్కడ.

మన ఊళ్లలో పండగ బస్సు గుర్తు తెచ్చుకోండి. బస్టాండులోకి ఆర్టీసీ బస్సు ఇంకా మలుపు తిరుగుతుండగానే కిటికీలోంచి కర్చీఫో తువ్వాలో విసిరి సీటు పట్టుకుంటాం. అలా చేయొచ్చని ఎక్కడా రాసి లేదు, అయినా అందరూ ఒప్పుకుంటారు. ఎందుకంటే కర్చీఫ్ వేసినవాడు ఎక్కి ఆ సీట్లో కూర్చుంటాడని నమ్మకం. అదే మనిషి వరసగా నిలబడ్డ మూడు బస్సుల్లో మూడు కర్చీఫులు వేసి, ఏది ముందు కదిలితే అందులో ఎక్కాడనుకోండి. మిగతా రెండు బస్సుల్లో ఆ ఖాళీ సీటు పక్కన బిడ్డనెత్తుకుని నిలబడినావిడ ఏమనుకుంటుందో ఇక్కడ రాయలేను. మీరు చేస్తున్నది అచ్చంగా ఇదే అని అనను. మీ కర్చీఫులు కనపడవు, అంతే తేడా.

‘వాళ్లిచ్చిన వెసులుబాటే కదా’ అన్న మాట దగ్గరికి వద్దాం. నిజమే, ఇస్తున్నాం. ఊరికే మాత్రం ఇవ్వడం లేదు. మేం పనిచేసిన హోటల్లో ఒకే గదికి రెండు రేట్లు ఉండేవి: డబ్బు వెనక్కి రాని రేటు ఒకటి, దానికంటే పది శాతం దాకా ఎక్కువగా, క్యాన్సిల్ చేసుకోగల రేటు ఇంకొకటి. ఆ పది శాతం ఎందుకంటే, మనిషికి ఏదో ఒకటి అడ్డం రావచ్చు కాబట్టి. పిల్లాడికి జ్వరం, ఆఫీసులో సెలవు ఇవ్వకపోవడం, ఊళ్లో పెద్దవాళ్లకి బాగోలేకపోవడం. అంటే ఆ వెసులుబాటు ‘వస్తాను, ఏదైనా అడ్డం వస్తే తప్ప’ అనేవాళ్ల కోసం పెట్టింది. ‘రాను, ఏదీ కుదరకపోతే తప్ప’ అనేవాళ్లు కూడా అదే బటన్ వాడుకుంటారు. కంప్యూటర్‌కి ఇద్దరూ ఒకేలా కనపడతారు. మీ మూడు బుకింగుల్లో రెండు ఈ రెండో రకానివి. ఏవి రెండో మీకే ఇంకా తెలియదు, అంతే.

ఈ ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడుతుందో చాలామందికి తెలియదు. పెద్ద హోటళ్లు దీన్ని తట్టుకునే దారి ఎప్పుడో కనిపెట్టుకున్నాయి. మా హోటల్లో 110 గదులుండేవి. లాంగ్ వీకెండ్ వస్తే మేం 117, 118 దాకా బుకింగులు తీసుకునేవాళ్లం. ఎనిమిది పది ఎలాగూ ఊడిపోతాయని పాత లెక్కలు చెప్పేవి. దాదాపు ఎప్పుడూ ఆ లెక్క తప్పేది కాదు. తప్పిన రాత్రి మాత్రం నరకం.

ఒక శనివారం రాత్రి పదకొండున్నరకి గుంటూరు నుంచి పెద్దాయనా ఆయన భార్యా వచ్చారు. రైలు మూడు గంటలు లేటు. కొడుకు చదువు పూర్తయి పట్టా తీసుకుంటున్నాడని వచ్చారు. నలభై రోజుల ముందు చేసుకున్న బుకింగ్, వాళ్లకి ఉన్నదల్లా ఆ ఒక్కటే. ఫోన్లో ‘ఖాయం సార్, రండి’ అన్నది నేనే. ఆ రోజు ఊడిపోవాల్సినవి ఊడలేదు, గది లేదు. మా వృత్తిలో దీన్ని ‘గెస్ట్‌ని వాక్ చేయడం’ అంటారు. అంటే వేరే హోటల్లో గది చూసి, మన ఖర్చుతో టాక్సీ ఎక్కించి పంపడం. ఆయన అరవలేదు. ‘అమ్మా, కన్ఫర్మ్ అంటే మీ దగ్గర అర్థం ఏంటి మరి?’ అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఇలా వాక్ అయ్యేది ఎప్పుడూ ఆఖరున చేరుకున్నవాళ్లే. మూడు చోట్ల పట్టుకునే తెలివి ఉన్నవాళ్లు సాయంత్రం ఐదింటికే వచ్చి తాళంచెవి తీసుకుంటారు. ఒకే చోట నమ్ముకుని, రైలు లేటై వచ్చిన పెద్దాయనే బయట నిలబడతాడు. విమానాల్లో అయితే దీనికి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒక లెక్క కట్టింది. కన్ఫర్మ్ టికెట్ ఉన్నా ఎక్కనివ్వకుండా, గంటలోపు వేరే విమానం చూపించకపోతే, 24 గంటల్లో పంపించే పక్షంలో వన్‌వే బేసిక్ ఛార్జీకి రెండు రెట్లు, ఇంధన ఛార్జీ కలిపి, పదివేలు మించకుండా ఇవ్వాలి. 24 గంటలు దాటితే నాలుగు రెట్లు, ఇరవై వేలు మించకుండా. మా హోటల్లో అలాంటి లెక్కేం లేదు. రిసెప్షన్‌లో కూర్చున్న పిల్ల తిట్లు తినడమే పరిహారం.

చిన్న చోట సంగతి వేరు. నాకున్నవి నాలుగు గదులు. నలుగురు రావాల్సిన చోట ఐదుగురికి మాటిచ్చి, ఒకరు ఊడతారులే అనుకోవడానికి నాకు కుదరదు. ఐదో కుటుంబం నిజంగా వస్తే తోటలో రాత్రి తొమ్మిదింటికి వాళ్లని ఎక్కడికి పంపను? అందుకని పెద్ద హోటల్ మీ క్యాన్సిల్‌ని వందమంది మీద చల్లేస్తుంది. నేను మొత్తం నేనే మింగాలి.

ఒక దసరాకి ఇలాగే అయింది. బెంగళూరు నుంచి ఒక బృందం మూడు గదులు, మూడు రాత్రులకి, దాదాపు నెలన్నర ముందే పట్టింది. మీకు తెలిసే ఉంటుంది, విజయదశమి రాత్రి మడికేరిలో దేవుడి బొమ్మలతో అలంకరించిన పది మండపాల ఊరేగింపు తెల్లవార్లూ సాగుతుంది, ఊరంతా కిటకిటలాడుతుంది. పైగా అక్టోబరు 17 చుట్టుపక్కల తులా సంక్రమణానికి, కావేరి పుట్టే చోటైన తలకావేరిలో తీర్థోద్భవం, అంటే అక్కడి ఊటనీరు పైకి పొంగే పండగ. అది దసరాకి దగ్గరగా పడిన ఏడాది గదికి వచ్చే గిరాకీ చెప్పనక్కర్లేదు. ఆ నెలన్నరలో నాకు తొమ్మిది ఫోన్లు వచ్చాయి. ఫోన్ పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుంటాను, అందులో ఉంది కాబట్టి చెప్తున్నాను. తొమ్మిది మందికీ ‘లేవండీ’ అన్నాను. సరిగ్గా గడువు ముగిసే రోజు రాత్రి పదకొండూ ముప్పావుకి, చెక్‌ఇన్‌కి ఐదు రోజులుందనగా, మూడు గదులూ ఒక్కసారే క్యాన్సిల్ అయ్యాయి. కారణం దగ్గర ‘ప్లాన్ మారింది’ అని ఉంది.

మర్నాడు పుస్తకం ముందేసుకుని ఆ తొమ్మిది మందికీ నేనే ఫోన్ చేశాను. ఎనిమిది మంది అప్పటికే వేరే చోట అడ్వాన్స్ కట్టేశారు. ఒకరు వచ్చారు, రేటులో మూడో వంతు తగ్గించుకుని. మిగతా రెండు గదులూ విజయదశమి రాత్రి ఖాళీగా ఉన్నాయి. అదే రాత్రి మడికేరి రోడ్ల పక్కన గదులు దొరక్క కార్లలో పడుకున్నవాళ్లని మా ఆయన కళ్లారా చూసి వచ్చాడు.

నా నష్టం ఒకటే అయితే సరిపెట్టుకోవచ్చు. వంటకి వచ్చే ఆవిడ ఆ మూడు రోజులకి వేరే ఎస్టేట్‌లో పని వదులుకుని నాకు మాటిచ్చింది. జీపు అతను రెండు ట్రిప్పులు ఆపి ఉంచాడు. వంటావిడకి నేను సగం కూలి ఇచ్చాను, మొత్తం ఇవ్వలేదు. ఇవ్వాల్సింది. జీపు అతనికి ఏమీ ఇవ్వలేదు. మిగిలిన పాలకి తోడు వేసుకోవచ్చు, మిగిలిన అన్నం పొద్దున పులిహోర కలుపుకోవచ్చు. మిగిలిపోయిన గది రాత్రితో ఏం చేసుకుంటాం?

ఇంతా చెప్పి ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం. ఇదే క్యాన్సిల్ జులై నెలలో మంగళవారం నాడు జరిగితే నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కుండపోతగా వాన, జలగలు, గదులు ఎలాగూ ఖాళీ. ఎవరూ అడగని గదిని మీరు పట్టుకుని వదిలేస్తే ఎవరికీ పోయేదేం లేదు. అందుకని ‘మల్టిపుల్ బుకింగ్ తప్పా’ అని ఊరికే అడిగితే జవాబు రాదు. ఏ రోజులకి, ఎంత పెద్ద చోట, ఎన్నాళ్లు అన్న మూడూ చూడాలి. మీరు చెప్పింది దసరా, చిన్న హోమ్‌స్టే, రెండు నెలలు. మూడూ మీకు ఎదురు తిరుగుతున్నాయి.

కొందరు రైలు టికెట్లతో పోలుస్తారు. ‘సంక్రాంతికి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో రెండు మూడు తేదీలకి తీసుకుని, సెలవు ఏ రోజు దొరికితే ఆ రోజు వెళ్తాం, మిగతావి క్యాన్సిల్ చేస్తాం, అందరూ చేసేదే కదా’ అని. నేనూ చేశాను ఒకప్పుడు. కానీ అక్కడ రెండు తేడాలున్నాయి. కన్ఫర్మ్ టికెట్ క్యాన్సిల్ చేస్తే మనిషికింత అని కోసుకుంటారు, బయల్దేరే టైము దగ్గర పడేకొద్దీ ఆ కోత పెరుగుతుంది, కన్ఫర్మ్ తత్కాల్‌కి అయితే పైసా రాదు. కాబట్టి పదకొండు మందికి మూడు తేదీలు తీసుకోవాలంటే చెయ్యి కాస్త ఆగుతుంది. రెండోది నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది: రైలుకి వెయిటింగ్ లిస్టు ఉంది. మీరు వదిలిన బెర్తు ఎవరూ పిలవక్కర్లేకుండానే వెనక నిలబడినవాడికి వెళ్తుంది. మా గదికి వరస లేదు. లేదన్న ఫోన్ పెట్టేసిన మనిషి ఇంకో చోటికి వెళ్లిపోతాడు. నేను తిరిగి పిలిచేలోపు అతని పండగ ఇంకెక్కడో ఖాయమైపోయి ఉంటుంది.

అంత ఏర్పాటు ఉన్న రైల్వేకి కూడా ఇది తలనొప్పి అయింది. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువుని 120 రోజుల నుంచి 60కి తగ్గించారు కదా. అప్పుడు రైల్వే చెప్పిన కారణం ఇదే. 61 నుంచి 120 రోజుల ముందు చేసే రిజర్వేషన్లలో సుమారు 21 శాతం రద్దవుతున్నాయట. ఇంకో 5 శాతం మంది క్యాన్సిల్ కూడా చేయకుండా, రైలూ ఎక్కకుండా ఊరుకుంటున్నారట. మనం అతి తెలివిగా వాడుకున్న వెసులుబాటుకి అందరికీ కలిపి సగం కోత పడింది. నిజంగా నాలుగు నెలల ముందు పెళ్లి ముహూర్తం తెలిసి టికెట్ తీసుకునేవాళ్లకి కూడా.

తిరుమల వాళ్లు ఇంకో చివరన ఉన్నారు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్‌కి క్యాన్సిల్ లేదు, తేదీ మార్పు లేదు. ఎవరూ పది తేదీలకి పట్టి పెట్టుకోరు, మంచిదే. కానీ బయల్దేరే రోజు పొద్దున అమ్మకి బీపీ పెరిగితే ఆ టికెట్ అంతే సంగతులు. నేనూ ఆ దసరా దెబ్బ తిన్నాక ఇలాగే మారాను: పండగ రోజులకి పదిహేను రోజుల ముందు దాకానే ఫ్రీ, తర్వాత ఒక రాత్రి డబ్బు కోత. దాంతో ఏమైందంటే, నిజంగా జ్వరం వచ్చినవాళ్లు డాక్టర్ చీటీ ఫోటో తీసి పంపి బతిమాలుకోవాల్సి వచ్చింది. రాత్రి పదింటికి ఆ చీటీ పెద్దది చేసి, తేదీ దిద్దారా లేదా అని చూడటం నా పని అయింది. ఎంత సిగ్గుగా ఉంటుందో చెప్పలేను. మూడు చోట్ల పట్టి రెండు వదిలేసే మనిషికి ఈ కోత తగలదు, వాళ్లు పదహారో రోజునే గుర్తుపెట్టుకుని తీసేస్తారు. తగిలేది ఒక్క చోటే పట్టుకుని, చివరి వారంలో కష్టం వచ్చినవాళ్లకి.

కష్టం వచ్చి క్యాన్సిల్ చేసేవాళ్లు మొహమాట పడక్కర్లేదు అని ఇక్కడే చెప్పేస్తాను. 2018 ఆగస్టులో కొడగులో కొండచరియలు విరిగిపడ్డప్పుడు నెల రోజుల బుకింగులు ఒక్క వారంలో పోయాయి. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ డబ్బు వెనక్కి ఇచ్చాం. అది మా ఇద్దరి చేతుల్లోనూ లేని సంగతి. ఆ కష్టంలో ఎవరి మీదా కోపం రాలేదు.

‘హోటళ్లు మాత్రం తక్కువ తిన్నాయా’ అంటారు. అనాలి కూడా. ఓవర్‌బుకింగ్ సంగతి నేనే చెప్పాను. పండగ దగ్గర పడ్డాక ‘సారీ, పైపు పగిలింది’ అని పాత బుకింగ్ తీసేసి అదే గదిని రెట్టింపు రేటుకి అమ్మే హోమ్‌స్టేలు నాకు తెలుసు. ఒకసారి నాకూ ఆ ఆలోచన వచ్చింది. ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశాను. మా ఆయన పక్కన లేకపోతే ఏం చేసేదాన్నో చెప్పలేను. బుకింగ్ యాప్‌లు మమ్మల్ని ‘ఫ్రీ క్యాన్సిలేషన్ పెట్టండి, లిస్టులో పైన కనపడతారు’ అని ఊరించడం కూడా నిజం. కాబట్టి ఆట నియమాలు మీరు పెట్టినవి కావు, ఒప్పుకుంటాను. కానీ మీకు బాకీ పడింది ఆ పైపు పగిలిందన్న మనిషి. మీరు తీర్చుకుంటున్నది నా మీదా, కారులో పడుకున్న ఆ కుటుంబం మీదా.

రేటు తగ్గితే అదే హోటల్లో మళ్లీ బుక్ చేసి పాతది తీసేయడం గురించి కూడా కొందరు అడుగుతుంటారు. అందులో ఏ తప్పూ లేదు. గది మీ దగ్గరే ఉంది, ఎవరికీ అడ్డం కాలేదు. యూరప్ వీసా కోసం హోటల్ బుకింగ్ చూపించి, వీసా వచ్చాక మార్చుకోవడం కూడా నాకు పెద్ద తప్పుగా కనపడదు. ఎక్కడ ఉంటావో చూపించమని అడుగుతున్నది వీసా ఇచ్చేవాళ్లే. వెళ్లే ఉద్దేశం ఉండి, వీసా తేలిన రోజే తేల్చేస్తే చాలు.

ఇప్పుడు మీ అసలు కారణం, వాన. ఇది చూసి నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకండి. మడికేరి, చిక్కమగళూరు, ఊటీ మూడూ పడమటి కనుమల్లోవే. అక్టోబరులో నైరుతి వెనక్కి పోతూ పోతూ ఉరుముల వానలు పడతాయి, ఊటీ వైపు ఈశాన్య రుతుపవనం కూడా తగులుకుంటుంది. ఏదైనా అల్పపీడనం పడితే మూడింటికీ కలిపే ముసురు పడుతుంది. పైగా కొండల్లో వాన సంగతి పది రోజుల ముందు ఎవరూ నమ్మకంగా చెప్పలేరు. నాలుగైదు రోజుల ముందు సూచనే కాస్త పనికొచ్చేది. అంటే వాన చూసి తేల్చుకుందాం అన్న మనిషి ఎప్పుడూ గడువు ముగిసే రాత్రి దాకా ఆగాల్సిందే, ఆగినా మూడు చోట్లా ఒకే జవాబు వస్తుంది. మీకు నిజంగా వాన భయం ఉంటే ఒకటి కొండల్లో, రెండోది హంపి వైపు పెట్టుకోండి. అటు కాస్త పొడి నేల, పెద్ద హోటళ్లున్న హొసపేట పక్కనే. ఆ రెండూ సరిపోతాయి. మూడోదానితో మీకు ఒరిగేదేం లేదు.

నేనైతే ఏం చేస్తానో చెప్తాను. చిన్న చోటికి నేరుగా ఫోన్ చేస్తాను. ‘మేం పదకొండు మందిమి, ఇంకా తేల్చుకోలేదు, ఫలానా తేదీకల్లా చెప్తాం. ఈలోపు ఎవరైనా అడిగితే నాకు ఒక్క ఫోన్ చేయండి, గంటలో ఔనో కాదో చెప్తాను’ అంటాను. ఈ ఒక్క మాట చాలు. మా నోటు పుస్తకంలో దీన్ని పెన్సిల్‌తో రాస్తాం, ఖాయమైనవి పెన్నుతో. పెన్సిల్ బుకింగ్ తీసేస్తే నాకు కోపం రాదు, ఎందుకంటే ఆ గది కోసం వచ్చిన ఫోన్‌కి నేను ‘లేదు’ అని చెప్పి ఉండను, ‘గంటాగండి’ అని ఉంటాను. యాప్‌లో మీరు పెట్టింది మాత్రం నాకు పెన్నుతో రాసినట్టే వస్తుంది.

ఇంకోటి, బుకింగ్ వేర్వేరు పేర్ల మీద పెట్టకండి. మీరు పెట్టారని కాదు, కొందరు చేస్తారు. ఒకసారి నాలుగు పేర్ల మీద నాలుగు గదులు వచ్చాయి. మొత్తం ఇల్లు నిండిందని సంబరపడ్డాను. నలుగురి నోట్‌లోనూ ఒకటే వాక్యం ఉంది, ‘పెద్దవాళ్లున్నారు, మెట్లు లేని గది కావాలి’ అని, అక్షరం తేడా లేకుండా. అప్పుడు అర్థమైంది ఇది ఒకే గ్రూపని. నాలుగూ ఒకే రోజు పోయాయి.

నేనేదో నిప్పులాంటి మనిషినని అనుకోవద్దు. మూడేళ్ల కిందట మా తమ్ముడి కూతురికి పుట్టువెంట్రుకలు తీయించాలని, దర్శనం టికెట్లు ఏ తేదీకి దొరుకుతాయో తెలియక, తిరుపతిలో ఒక లాడ్జిలో మూడు తేదీలకి రెండేసి గదులు పెట్టాను. టికెట్లు దొరికిన రోజు ఇంట్లో పండగ. మిగతా రెండు తేదీలు తీసేయాలన్న సంగతి పదకొండు రోజులు నాకు గుర్తే రాలేదు, ఇదే పని చేసి బతికే మనిషికి. గుర్తొచ్చి ఫోన్ చేస్తే లాడ్జి ఆయన, ‘పర్లేదమ్మా, నిన్ననే ఒక పెళ్లివాళ్లు అడిగితే లేవన్నాను’ అన్నాడు. మామూలుగానే అన్నాడు. ఆ ‘పర్లేదమ్మా’ ఎలాంటిదో నాకు బాగా తెలుసు, ఎన్నిసార్లు నేను అనలేదు! అప్పట్నుంచీ బుక్ చేసిన నిమిషంలోనే ఫోన్‌లో అలారం పెడుతున్నాను. యాప్ ఇచ్చే గడువుకి కాదు, మేం తేల్చుకోవాల్సిన తేదీకి.

ఇక మీ మూడింటి సంగతి. మడికేరిదీ చిక్కమగళూరుదీ హోమ్‌స్టేలు అన్నారు, ఊటీది పెద్ద హోటల్ అన్నారు. ముందు ఆ రెండు హోమ్‌స్టేల్లో ఒకటి ఈ వారాంతంలోనే వదిలేయండి. మూడు ఇళ్లవాళ్లూ ఒక రాత్రి కూర్చుంటే తేలే సంగతి ఇది, దీనికి వానతో పనిలేదు. మిగిలిన హోమ్‌స్టేకి ఫోన్ చేసి పైన చెప్పిన మాట చెప్పండి. ఊటీ హోటల్ ఇంకో రెండు వారాలు ఉంచుకున్నా వాళ్ల లెక్కలో అది పెద్దగా తేలదు. అలాగని గడువు చివరి రాత్రి దాకా మాత్రం వద్దు.

చివరికి ఊటీయే ఖాయమైతే రెండు విషయాలు చూసుకోండి. మద్రాస్ హైకోర్టు ఆదేశం మీద 2024 మే 7 నుంచి నీలగిరులకి వెళ్లే బయటి బండ్లకి ఈ-పాస్ పెట్టారు. 2025 వేసవిలో అయితే రోజుకి మామూలు రోజుల్లో 6 వేలు, వారాంతాల్లో 8 వేల బండ్లు అని పరిమితి కూడా వేశారు. దానికి డబ్బు కట్టనక్కర్లేదు కాబట్టి నాలుగైదు తేదీలకి తీసుకుని ఊరుకోవాలనిపిస్తుంది. మీరు వెళ్లే తేదీకి ఒక్కదానికే తీసుకోండి. రెండోది, బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది. పిల్లలతో బెంగళూరు నుంచి మధ్యాహ్నం తీరిగ్గా బయల్దేరితే గుండ్లుపేటలో ఇరుక్కుపోతారు, పొద్దున్నే బయల్దేరండి.